ఎల్డెన్ రింగ్‌లో ఏ బిల్డ్ తీసుకోవాలి? రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఎల్డెన్ రింగ్ అనే ఈ వీడియో గేమ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. బిల్డ్ అంటే మన పాత్రకి ఏ ఆయుధం ఇవ్వాలి, ఏ బలాలు పెంచాలి అన్న లెక్క. మన వైపు మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు విశాఖ నుంచి సెకండ్ హ్యాండ్ డిస్కు తెచ్చుకుని కొత్తగా మొదలెడుతూనే ఉంటారు. వారం తిరక్కుండా అవే సందేహాలు ఫోన్లోకి వచ్చి పడతాయి. విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాశాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఆటలో తెలుగూ లేదు, ఒడియా కూడా లేదు కాబట్టి క్లాసుల (మొదట్లో ఎంచుకునే పాత్రల) పేర్లు, స్టాట్ల (పాత్ర బలాలని చూపే అంకెల) పేర్లు స్క్రీన్ మీద కనిపించేవే రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## న్యూ గేమ్ నొక్కక ముందు

నా పీసీ అంతంతమాత్రం. దానికి తగ్గ బిల్డ్ ఏదైనా ఉందా?

కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 60 జీబీ ఖాళీ స్థలం కావాలని కంపెనీయే చెప్పింది. 8 జీబీ ర్యామ్‌తో లాగుతున్నవాళ్లు ముందు ఇంకో ర్యామ్ స్టిక్ వేయించుకోండి, బిల్డ్ సంగతి ఆ తర్వాత. సెట్టింగులన్నీ తగ్గించినా ఆట ఆగి ఆగి నడుస్తుంటే, సరైన క్షణంలో రోల్ చేసి తప్పించుకునే బిల్డులు మీకు నరకం చూపిస్తాయి. అలాంటి మెషిన్ మీద డాలు పట్టుకునే బిల్డ్, లేదంటే దూరం నుంచి మంత్రాలతో కొట్టే మేజ్ నయం. డాలు అడ్డంగా ఉంటే ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా ప్రాణం పోదు.

పది క్లాసులున్నాయి కదన్నా, ఏది నొక్కాలి?

ఎక్కువ ఫోన్లు దీని గురించే వస్తాయి. నిజానికి ఇంత టెన్షన్ పడాల్సిన విషయం కాదు. ఏ క్లాస్ తీసుకున్నా ఎనిమిది స్టాట్లనూ కూడి, అందులోంచి లెవెల్ తీసేస్తే 79 వస్తుంది. ఒక లెవెల్‌కి ఒక పాయింట్. అంటే ఆట ఎవరికీ ఎక్కువ ఇవ్వలేదు, ఎవరికీ తక్కువ ఇవ్వలేదు, పాయింట్లు ఎక్కడ పెట్టిందన్నదే తేడా. సమురాయ్‌తో మొదలెట్టి మేజ్ అయినా నష్టం నాలుగైదు లెవెల్సే.

అయితే మొదటి పది గంటలు మాత్రం చేతిలో ఉన్న సరుకే ఆధారం. ఈ రకం ఆటలు ఎప్పుడూ ఆడనివాళ్లకి నేను వాగబాండ్ చెప్తాను. వైగర్ (ప్రాణబలం) 15తో మొదలవుతాడు, చేతిలో ఉన్న డాలు కత్తి దెబ్బని పూర్తిగా ఆపుతుంది. కొంచెం చురుగ్గా ఆడాలనుకుంటే సమురాయ్. అతని ఉచిగటానాకి రక్తస్రావం ఉంది, వీపున పొడుగు విల్లుంది. దూరం నుంచే పని కానివ్వాలంటే ఆస్ట్రాలజర్. మిగతావి చెడ్డవేం కాదు, హీరో గొడ్డలి కూడా బాగానే తెగుతుంది. ఏది తీసుకుంటే ఏమవుతుందోనని రెండు రోజులు ఆలోచించే బదులు ఈ మూడింట్లో ఒకటి నొక్కేసి బయల్దేరండి.

రెచ్‌తో ఆడినవాడే మగాడంట, నిజమేనా బావా?

రెచ్ క్లాస్ వాడు ఒంటి మీద బట్టల్లేకుండా, చేతిలో దుడ్డుకర్రతో, లెవెల్ 1లో అన్ని స్టాట్లూ 10తో మొదలవుతాడు. రెండోసారి ఆడేవాడికి సరదా. మొదటిసారి వాడికి విసుగు. అంతే.

యూట్యూబ్‌లో హిందీ అన్న ఒక్క దెబ్బకి బాస్‌ని లేపేశాడు. అదే బిల్డ్ మొదటి నుంచీ చేసేయనా?

ఆ వీడియోలో అతని లెవెల్ ఎంతో చూడండి. 150 ఉంటుంది. మీది 9.

ఉదాహరణకి ఆ నీలం కిరణం మంత్రం, కామెట్ అజూర్. దానికి ఇంటెలిజెన్స్ 60 కావాలి. మంత్రం ఉండేది మౌంట్ గెల్మిర్‌లో, అంటే ఆటలో సగం దాటాక. మంత్రాలకి ఖర్చయ్యే ఎఫ్‌పీ క్షణాల్లో ఖాళీ అయిపోకుండా సెరూలియన్ హిడెన్ టియర్ కలిపిన మందు తాగాలి. దాని మీద ఇంకో రెండు మూడు మంత్రాలు వేసుకోవాలి. బాస్ (పెద్ద శత్రువు) కదలకుండా నిలబడాలి. వీడియోలో ఈ ఏర్పాటంతా కత్తిరించి దెబ్బ ఒక్కటే చూపిస్తారు. చూడండి, ఆనందించండి, కానీ మొదటి ముప్పై లెవెల్స్‌లో పాయింట్లు ఎలా పెట్టాడో చెప్పని వీడియో మీకు ఇప్పుడు పనికిరాదు.

కీప్‌సేక్ ఏది తీసుకోవాలి?

మొదట్లో ఆట ఇచ్చే ఆ కానుకల్లో గోల్డెన్ సీడ్. మందు సీసా ఒకటి ముందే పెరుగుతుంది. మిగతావన్నీ ఆటలో ఏదో ఒక చోట దొరుకుతాయి, లేకపోయినా గడుస్తుంది.

వైశాఖంలో గాలివానకి గంటకోసారి కరెంటు పోతుంది. క్యారెక్టర్ మొత్తం పోతుందా?

ఆట దానంతట అదే సేవ్ చేసుకుంటూ ఉంటుంది కాబట్టి మామూలుగా పోదు. సరిగ్గా సేవ్ రాసే క్షణంలో కరెంటు పోతే మాత్రం ఫైల్ చెడే ప్రమాదం ఉంది. పీసీ వాళ్లు యాప్‌డేటా లోపల రోమింగ్, దాని లోపల ఎల్డెన్‌రింగ్ అన్న ఫోల్డర్‌ని రోజూ ఆట అయ్యాక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మబ్బు పడుతోందనిపిస్తే మెనూలోంచి క్విట్ కొట్టి బయటికి రండి. అరవై గంటలు పెంచిన మనిషిని ఒక్క ఉరుముకి పోగొట్టుకుంటే ఆ బాధ ఇంట్లోవాళ్లకి చెప్పినా అర్థం కాదు.

## మొదటి రోజులు: లిమ్‌గ్రేవ్

గుర్రం మీద బంగారు కవచం వాడు చంపేస్తున్నాడు. నా బిల్డ్ తప్పా?

బిల్డ్ తప్పు లేదు. వాడు ట్రీ సెంటినెల్. తలుపు తీసి బయటికి రాగానే ఎదురుగా తిరుగుతుంటాడు కాబట్టి వాడే మొదటి బాస్ అనుకుని అందరూ మీద పడతారు. పక్కనుంచి తప్పుకుని వెళ్లిపొమ్మనే ఆట వాడిని అక్కడ పెట్టింది. ఒకవేళ పంతం పట్టి చంపినా, వాడి దగ్గర దొరికే గోల్డెన్ హాల్బర్డ్‌కి స్ట్రెంగ్త్ 30, డెక్స్ (డెక్స్టెరిటీ, అంటే చురుకుదనం) 14, ఫెయిత్ 12 కావాలి. ఆ లెవెల్‌లో దాన్ని బ్యాగులో మోసుకు తిరగడమే. గుర్రం దొరికాక, ఇరవై లెవెల్స్ పెరిగాక తిరిగి రండి.

లెవెల్ పెరిగినప్పుడు మొదట దేంట్లో వేయాలి?

మీ ఆయుధం పట్టుకోవడానికి ఎంత కావాలో అంత వేసి, ఆ తర్వాత వైగర్. మళ్లీ వైగర్. కుర్రాళ్లు దీన్ని నమ్మరు, దెబ్బ పెంచుకుంటే బాస్ తొందరగా చస్తాడు కదా అంటారు. లెక్క చూడండి: వైగర్ 25 దగ్గర హెచ్‌పీ (ప్రాణం) 800. 40 దగ్గర 1450. అంటే ఈ పదిహేను పాయింట్లలో ఒక్కోదానికి నలభై పైచిలుకు వస్తోంది. 40 నుంచి 60కి వెళ్తే 1900, ఒక్కోదానికి ఇరవై రెండున్నర దాకా తగ్గిపోతుంది. 60 దాటి 99 దాకా పోసినా 2100 దగ్గర ఆగుతుంది, అది డబ్బు నాగావళిలో పోసినట్టే. అందుకే మొదటి మజిలీ 25, తర్వాత 40, ఆట చివరికి 60.

కొత్త కత్తి దొరికిన ప్రతిసారీ మార్చాలా?

మార్చకండి. ఈ ఆటలో తొలి భాగంలో దెబ్బని పెంచేది స్టాట్లకంటే ఎక్కువగా ఆయుధం ప్లస్ నంబరు. మామూలు ఆయుధాలు స్మితింగ్ స్టోన్లతో +25 దాకా, ప్రత్యేకమైనవి సాంబర్ స్టోన్లతో +10 దాకా పెరుగుతాయి. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గరున్న దాగలి మీద +3 దాకా మీరే కొట్టుకోవచ్చు, ఆ పైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో హ్యూగ్ అనే కమ్మరి. రాళ్లని నాలుగు కత్తుల మీద పంచినవాడి దగ్గర నాలుగూ మొద్దు కత్తులే ఉంటాయి. ఒకటి చేతికి నచ్చాక మొత్తం దానికే పెట్టండి.

పెద్ద కత్తి దొరికింది గానీ స్ట్రెంగ్త్ చాలదంటోంది. ఏటి చెయ్యాలి?

రెండు చేతులతో పట్టుకోండి. అలా పట్టినప్పుడు ఆట మీ స్ట్రెంగ్త్‌ని ఒకటిన్నర రెట్లుగా లెక్కేస్తుంది. కేలిడ్‌లో బండి పెట్టెలో దొరికే గ్రేట్‌స్వర్డ్‌కి స్ట్రెంగ్త్ 31 కావాలి, రెండు చేతుల్తో అయితే 21 చాలు. 60 అడిగే జెయింట్ క్రషర్‌కి 40 చాలు. డెక్స్‌కి ఈ వెసులుబాటు లేదు, అది ఎంత అడిగితే అంతా ఉండాలి. బరువు కత్తి తీసుకున్నాక నేల మీద నిలబడి ఊపకండి, ఎగిరి కొట్టండి. నెమ్మదిగా ఉందని వదిలేసినవాళ్లలో చాలామంది ఈ ఒక్కటి ప్రయత్నించి ఉండరు.

రోల్ చేస్తే వాడు దబ్బున పడుతున్నాడు, లేవడానికి గంట పడుతోంది.

బరువెక్కువైంది. స్టేటస్‌లో ఎక్విప్ లోడ్ చూడండి. మోయగలిగినదాంట్లో 70 శాతం దాటితే హెవీ రోల్, దాని లోపు మామూలు రోల్, 30 శాతం లోపు చురుకైన రోల్. ముందు వీపున ఊరికే మోస్తున్న రెండో ఆయుధం తీసేయండి, తర్వాత తలపాగా. అప్పటికీ దిగకపోతేనే ఎండ్యూరెన్స్‌లో పాయింట్లు పెట్టండి. కవచం అందంగా ఉందని మొత్తం వేసుకుని తిరిగేవాళ్లు బాస్ దగ్గర మాత్రం విప్పేస్తే మంచిది.

మార్గిట్ దగ్గర ఆగిపోయాను. క్లాస్ మార్చి మళ్లీ మొదలెట్టనా?

వద్దు. ఆ బాస్‌ని పక్కన పెట్టి, వంతెన దాటి దక్షిణంగా వీపింగ్ పెనిన్సులా అని ఓ ప్రాంతం ఉంది, ముందు అది తిరిగి రండి. లెవెల్స్ వస్తాయి, రాళ్లు దొరుకుతాయి, మందు సీసాలు పెరుగుతాయి. గుర్రం దొరికాక చర్చ్ ఆఫ్ ఎల్లేకి తిరిగి వెళ్తే రెన్నా అనే ఆమె గంట ఇస్తుంది, దాంతో తోడేళ్లని పిలుచుకోవచ్చు. తోడేళ్లు వాడి దృష్టి మళ్లిస్తున్నప్పుడు మీరు వీపు మీద కొట్టుకోవచ్చు. మార్గిట్ దగ్గర క్యారెక్టర్‌ని చెరిపేసి మళ్లీ మొదలెట్టినవాళ్లు కొత్త క్లాస్‌తో కూడా అక్కడే ఆగుతారు.

మేజ్ అయితే ఈజీ మోడ్ అంటారు కదా?

తొలి భాగంలో నిజమే. ఆస్ట్రాలజర్‌కి మొదటి నుంచీ ఉండే గ్లింట్‌స్టోన్ పెబుల్‌తో దూరం నుంచే చాలామందిని పడగొట్టొచ్చు. ఇంటెలిజెన్స్ 18 అయ్యాక కేలిడ్ చిత్తడి నేలలోని స్ట్రీట్ ఆఫ్ సేజెస్ శిథిలాలకి గుర్రం మీద పరిగెత్తండి. అక్కడ మీటియొరైట్ స్టాఫ్, రాక్ స్లింగ్ మంత్రం రెండూ ఉన్నాయి. ఆ కర్రకి ఎస్ స్కేలింగ్ (ఇంటెలిజెన్స్ పెరిగే కొద్దీ దెబ్బ బాగా పెరుగుతుంది), అప్‌గ్రేడ్ మాత్రం చేయలేం. రాక్ స్లింగ్ రాళ్లు విసురుతుంది కాబట్టి మ్యాజిక్‌కి లొంగనివాళ్ల మీదా పనిచేస్తుంది. చిత్తడిలో రాట్ అనే కుళ్లు జబ్బు ఎక్కుతుంది, దారిలో చావొచ్చు, పర్వాలేదు, ఒకసారి చేతికి దొరికిన వస్తువు చచ్చినా పోదు.

తర్వాత మాత్రం అంత సుఖం ఉండదు. ఒంటి మీద బట్ట పలచన, హెచ్‌పీ తక్కువ, ఎదుటివాడు ఒక్క గెంతులో మీద పడతాడు. అందుకే మేజ్ కూడా పక్కన ఒక కత్తి ఉంచుకోవాలి, వైగర్ పెంచుకోవాలి.

## సగం దారిలో

లెవెల్ 42. అన్నీ పెంచాను, అయినా దేనికీ దెబ్బ పడటం లేదు. ఎందుకు?

అన్నీ పెంచడమే కారణం. ఇలాంటి ఒక సమురాయ్ స్టేటస్ ఫొటో గుణుపురం హాస్టల్ నుంచి వచ్చింది, అందులో లెక్క ఇది: వైగర్ 14, మైండ్ 14, ఎండ్యూరెన్స్ 14, స్ట్రెంగ్త్ 20, డెక్స్ 18, ఇంటెలిజెన్స్ 18, ఫెయిత్ 15, ఆర్కేన్ 8. ఉచిగటానా వాడుతున్నాడు, దానికి స్ట్రెంగ్త్ 11, డెక్స్ 15 చాలు. ఇంటెలిజెన్స్ ఎందుకు పెట్టావంటే ఎప్పుడైనా మంత్రాలు నేర్చుకుందామని. ఫెయిత్ ఎందుకంటే హీలింగ్ బాగుంటుందని. ఎప్పుడైనా అనుకున్నవాటికే పదహారు పాయింట్లు పోయాయి.

అవే 121 పాయింట్లు ఇలా పంచితే చూడండి: వైగర్ 30, మైండ్ 11, ఎండ్యూరెన్స్ 15, స్ట్రెంగ్త్ 12, డెక్స్ 28, ఇంటెలిజెన్స్ 9, ఫెయిత్ 8, ఆర్కేన్ 8. లెవెల్ అదే, కత్తి అదే, మనిషి వేరు. లెవెల్ 80 దాకా వైగర్‌తో పాటు దెబ్బ పెంచే స్టాట్ ఒక్కటే పెంచండి. రెండోది కావాలనిపిస్తే ఆ తర్వాత.

చేసిందంతా తప్పని తెలిసింది. పాయింట్లు వెనక్కి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. రాయా లుకారియా అకాడమీలో రెన్నాలా అనే బాస్‌ని ఓడించాక ఆమె దగ్గరే కూర్చుని లార్వల్ టియర్ ఒకటి ఇస్తే స్టాట్లన్నీ మళ్లీ పంచుకోవచ్చు. టియర్లు లెక్కగా దొరుకుతాయి, సరదాకి వాడేయకండి. ఏ స్టాట్‌నీ మీ మొదటి క్లాస్ ఇచ్చిన అంకెకంటే కిందికి దించలేరు. మార్చుకునే ముందు కొత్త ఆయుధానికి రాళ్లు సరిపడా ఉన్నాయో లేదో చూసుకోండి. స్టాట్లు మారి కత్తి +3 దగ్గరే ఉంటే మరింత బలహీనపడతారు.

హెవీ, కీన్, క్వాలిటీ అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

ఇవి అఫినిటీలు, అంటే ఆయుధం ఏ స్టాట్‌తో బలపడాలో తేల్చేవి. స్ట్రెంగ్త్ పెంచేవాడు హెవీ, డెక్స్ పెంచేవాడు కీన్, రెండూ సమంగా పెంచేవాడు క్వాలిటీ. క్వాలిటీ పేరు చూసి మంచిదని నొక్కేవాళ్లున్నారు, రెండు స్టాట్లూ బాగా ఉంటే తప్ప దాంట్లో లాభం లేదు. ఇవి కనిపించాలంటే గేట్‌ఫ్రంట్ శిథిలాల కింద గదిలో వెట్‌స్టోన్ నైఫ్, స్టార్మ్‌వీల్ కోటలో ఐరన్ వెట్‌బ్లేడ్ తీసుకోవాలి. సాంబర్ స్టోన్లతో పెరిగే ఆయుధాలకి ఇవేవీ అంటవు.

బ్లీడ్ బిల్డ్ అందరూ గొప్పంటున్నారు. ఎలా మొదలెట్టాలి?

బ్లీడ్ అంటే రక్తస్రావం. రక్తం మీటరు నిండితే ఎదుటివాడి మొత్తం హెచ్‌పీలో దాదాపు 15 శాతం, పైన ఇంకొంత ఒక్కసారే పోతుంది. అందుకే హెచ్‌పీ ఎక్కువున్న బాసుల మీద ఇది బాగా పనిచేస్తుంది. బాండిట్ క్లాస్‌కి డెక్స్ 13, ఆర్కేన్ 14 మొదటి నుంచీ ఉంటాయి, లిమ్‌గ్రేవ్‌లో మర్క్‌వాటర్ గుహ దగ్గర దాడి చేసే నెరిజస్‌ని చంపితే దొరికే రెడూవియా బాకుకి సరిగ్గా సరిపోతాయి. మామూలు కత్తికి బ్లడ్ అఫినిటీ వేస్తే ఆర్కేన్ పెరిగే కొద్దీ మీటరు తొందరగా నిండుతుంది.

ఎముకల గూళ్లకి రక్తం ఉండదు, ఆట చివరి బాస్ ఎల్డెన్ బీస్ట్‌కీ బ్లీడ్ ఎక్కదు. రెండో ఆయుధం ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.

మా ఇంట్లో గుంటడు ఫెయిత్ తీసుకున్నాడు, దెబ్బ లేదని ఏడుస్తున్నాడు.

ఏడవనివ్వండి, కొన్నాళ్లు అలాగే ఉంటుంది. ప్రాఫెట్‌కి మొదట్లో దొరికేవి ఒక చిన్న మంటా, ఒక హీలింగూ. ఫెయిత్ అసలు బలం తన మీద తాను వేసుకునే మంత్రాల్లో ఉంది. ఫోర్ట్ గేల్ దగ్గర దొరికే ఫ్లేమ్, గ్రాంట్ మీ స్ట్రెంగ్త్ అనే ఒకే మంత్రానికి ఫెయిత్ 15 చాలు, గోల్డెన్ వావ్‌కి 25. ఈ రెండూ వేసుకుని మామూలు కత్తితో కొట్టినా తేడా తెలుస్తుంది. మంత్రాలతోనే మొత్తం కానివ్వాలనుకుంటే ఓపిక పట్టాలి. ఓపిక లేనివాడికి ఫెయిత్ చెప్పను.

మిమిక్ టియర్ వాడితే మోసం చేసినట్టా?

ఆటలో పెట్టినదాన్ని వాడటం మోసం ఎలా అవుతుంది? మీ రూపంలోనే ఉన్న తోడుని పిలిచే వస్తువు అది. రడాన్ అనే బాస్‌ని ఓడించాక తెరుచుకునే నోక్రాన్‌లో అది దొరుకుతుంది. పిలవడానికి ఎఫ్‌పీ అడగదు, 660 హెచ్‌పీ తీసుకుంటుంది. ఎఫ్‌పీ పెంచే మైండ్‌లో ఏమీ పెట్టని కత్తి బిల్డులకి అది వరం. పిలిచిన వెంటనే హెచ్‌పీ నింపే ఎర్ర సీసా ఒకటి తాగండి, తర్వాత యుద్ధం.

## చివర్లో, ఆ తర్వాత

ఎన్ని లెవెల్స్ దాకా పెంచాలి?

713 దాకా పెరుగుతుంది, అంత అక్కర్లేదు. మొదటిసారి కథ పూర్తయ్యేసరికి చాలామంది 120, 150 మధ్య ఉంటారు. అప్పటికి వైగర్ 60, మీ దెబ్బ స్టాట్ 80 చేరితే బాగా పెంచినట్టే.

షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీకి వేరే బిల్డ్ కావాలా?

2024 జూన్ 21న వచ్చిన ఈ డీఎల్‌సీలోకి (ఆటకి కొనుక్కునే అదనపు భాగంలోకి) వెళ్లాలంటే రడాన్, మోగ్ అనే బాసులిద్దరినీ ముందు ఓడించాలి. బిల్డ్ పాతదే సరిపోతుంది. లోపల అడుగు పెట్టగానే అందరూ బెంబేలెత్తేది దెబ్బలకి. అక్కడ బలం లెవెల్‌తో కాకుండా స్కాడూట్రీ ఫ్రాగ్మెంట్లతో పెరుగుతుంది, 20 మెట్ల దాకా. బాస్ చంపేస్తుంటే స్టాట్లు మార్చడం మానేసి మ్యాప్ తిరిగి ఫ్రాగ్మెంట్లు ఏరుకోండి.

పర్లాకిమిడిలో మా బావ లెవెల్ 90, నేను 35. కలిసి ఆడొచ్చా?

ఇద్దరూ ఒకే మల్టీప్లేయర్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే లెవెల్ తేడా అడ్డు రాదు, బలంగా ఉన్న మీ బావని ఆట మీ స్థాయికి దించుతుంది. పీఎస్4, పీఎస్5 వాళ్లు కలవొచ్చు, పీసీ వాళ్లు వాళ్లతో కలవలేరు. ఇద్దరూ ఒకే రకం బిల్డ్ తీసుకోకండి. ఒకరు డాలుతో ముందు నిలబడితే రెండోవారు వెనకనుంచి మంత్రాలు వేయాలి, ఆన్‌లైన్ సాయంత్రాలకి అంతకంటే సరదా లేదు.

నైట్‌రెయిన్ కొన్నాను. అందులో ఈ బిల్డ్ పనికొస్తుందా?

రాదు. 2025 మే 30న వచ్చిన ఆ ఆటలో పాత్రలు ముందే తయారై ఉంటాయి, లెవెల్ పెరిగితే స్టాట్లు వాటంతట అవే పెరుగుతాయి. పాయింట్లు పంచుకునే పనే లేదు.

ఆట అయిపోయింది. న్యూ గేమ్ ప్లస్‌లో మొదటి నుంచి మొదలెట్టాలా, కొత్త క్యారెక్టర్ చేయాలా?

న్యూ గేమ్ ప్లస్‌లో లెవెల్, ఆయుధాలు, మంత్రాలు అన్నీ మీతోనే వస్తాయి, శత్రువులు గట్టిపడతారు. అదే బిల్డ్ ఇంకా ముదరాలంటే అది నొక్కండి. కత్తితో పూర్తిచేసినవాళ్లకి మాత్రం ఆస్ట్రాలజర్‌తో కొత్తగా మొదలెట్టమంటాను. దార్లన్నీ తెలుసు, రాళ్లు ఎక్కడున్నాయో తెలుసు, మార్గిట్ ఎప్పుడు కర్ర ఎత్తుతాడో తెలుసు. ఈసారి దూరం నుంచి చూస్తూ కొట్టొచ్చు.